పదిహేడో పేజీలో ఉద్యోగం

డిగ్రీ చేతికి రాగానే పిల్లలకు ఉద్యోగం ఇచ్చేయడమంత అన్యాయం ఈ లోకంలో ఇంకొకటి లేదు!

ఆ మాట అనగానే మీలో కొందరు మొహం చిట్లించారని నాకు తెలుసు. చిట్లించండి. కానీ ఒక్క నిమిషం నిదానంగా ఆలోచించండి. మూడేళ్ళు కెమిస్ట్రీ చదివిన పిల్లను తీసుకెళ్ళి నేరుగా కెమిస్ట్రీ పనిలో పెట్టేస్తే, ఆ పిల్లకు షేక్‌హ్యాండ్ ఎవరు నేర్పుతారు? కుర్చీలో వీపు ఆనించకుండా కూర్చోవడం ఎవరు నేర్పుతారు? "మీ గురించి చెప్పండి" అని ఎవరైనా అడిగితే పేరుతో మొదలుపెట్టకూడదన్న రహస్యం ఎవరు చెబుతారు?

మా కాలంలో ఎవరూ చెప్పలేదు. మేము ముందు ఉద్యోగంలో చేరి, ఆ తర్వాత పని నేర్చుకున్నాం. తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. నేను ఈ పేపర్లో చేరిన మొదటిరోజు ఒక ప్రూఫుల కట్ట తెచ్చి నా ముందు పడేసి "దిద్దు" అన్నారు. షేక్‌హ్యాండ్ కూడా ఇవ్వలేదు. ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఇప్పటికీ నాకు ఐ కాంటాక్ట్ సరిగ్గా కుదరదు.

అందుకే గ్రాడ్యుయేట్లకు శిక్షణ ఇచ్చి, ఆపైన ప్లేస్‌మెంట్ చూపించే పథకాలంటే నాకు పడిచచ్చేంత ఇష్టం. ఊరికే అనడం లేదు, మా ఇంట్లోనే ఉదాహరణ ఉంది. మా అక్క కూతురు. కెమిస్ట్రీలో ఫస్ట్ క్లాస్. ఇప్పటికి మూడు శిక్షణలు పూర్తి చేసింది.

దానికున్న కోరిక ఒక్కటే. ఊళ్ళో కుళాయిలకు వచ్చే నీళ్ళను రోజూ పరీక్ష చేసే ల్యాబు ఒకటుంది. అందులో ఉన్నది ఒకటే పోస్టు. ఆ పోస్టులో ఉన్న పెద్దాయన ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆయన కూర్చునే స్టూలు మీద తను కూర్చోవాలని మా మేనకోడలి కోరిక. దరఖాస్తులకు ఆఖరి రోజు ఈ గురువారం, అంటే మీరు ఇది చదువుతున్న రోజే. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు పథకం గొప్పతనం చెప్పుకోవాలి. చెప్పుకుని తీరాలి.

మొదటి శిక్షణ వ్యక్తిత్వ వికాసం. తొంభై రోజులు. టైర్ల షాపు పైన పొడవాటి హాలు, యాభై రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గుమ్మం పక్కన నిలువుటద్దం. అద్దం మీద "నవ్వావా?" అని ఒక స్టిక్కరు. నవ్వకపోతే లోపలికి రానివ్వరు. మా మేనకోడలు సహజంగా నవ్వు మొహం గల పిల్లే. తొంభై రోజుల తర్వాత మాత్రం అది నవ్వితే మా బావ "ఏమ్మా, పన్ను నొప్పా?" అని అడిగేవాడు.

ఇంట్లో వచ్చిన మార్పు చూసి నేను ముక్కున వేలేసుకున్నాను. ఒకరోజు మా అక్క వంటింట్లోంచి "తిన్నావా?" అని కేకేసింది. ఇది లేచి నిలబడి, చేతులు నడుం ముందు కట్టుకుని, "మంచి ప్రశ్న అడిగావమ్మా, థాంక్యూ. దీనికి మూడు పాయింట్లలో జవాబు చెబుతాను" అంది.

మా అక్క గరిట పట్టుకుని బయటికొచ్చింది. "మూడు పాయింట్లు తర్వాత. తిన్నావా, లేదా?"

"అలవాటైపోయిందమ్మా," అని అది తల పట్టుకుంది. "తినలేదు."

శిక్షణ ఎముకల్లోకి ఇంకిందనడానికి ఇంతకన్నా రుజువు కావాలా? డిగ్రీ మూడేళ్ళలో ఒక్క లెక్చరరైనా ఈ స్థాయికి తీసుకురాగలిగాడా?

ఇక మాక్ ఇంటర్వ్యూలు. అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూలు. మా పిల్ల నలభై మూడింటికి హాజరైంది. నలభై మూడింటిలోనూ సెలక్టయింది! నిజం ఇంటర్వ్యూ ఒక్కటీ లేదనుకోండి, అది వేరే సంగతి. అవతల బల్ల దగ్గర కూర్చుని ప్రశ్నలడిగే పెద్దమనుషులెవరనుకున్నారు? వాళ్ళూ ట్రైనీలే. ఇంటర్వ్యూలు చేయడంలో శిక్షణ పొందుతున్న బ్యాచ్. వీళ్ళు వాళ్ళకు బలహీనతలు చెబుతారు, వాళ్ళు వీళ్ళకు ఉద్యోగం ఇచ్చేస్తారు, అందరూ కలిసి టీ తాగుతారు. బయట ఇంటర్వ్యూకు వెళితే ఇంత ఆప్యాయత దొరుకుతుందా?

తొంభై రోజులవగానే ప్లేస్‌మెంట్. సెల్‌ఫోన్ల షాపు. లోపల కాదు, గుమ్మం దగ్గర. షాపు పేరున్న టీషర్టు వేసుకుని, వచ్చినవాళ్ళకు నమస్కారం పెట్టాలి. తలుపు దానంతటదే తెరుచుకునే రకం కాబట్టి తలుపు తీసే శ్రమ కూడా లేదు. పథకం నిబంధన ప్రకారం ముప్పై రోజులు ఒకచోట నిలబడితే "ప్లేస్ అయినట్టు". ముప్పై ఒకటో రోజు ఉదయం మా పిల్ల వెళ్ళేసరికి అదే టీషర్టు వేసుకుని తర్వాతి బ్యాచ్ అమ్మాయి నిలబడి ఉంది. ఉతికించారట. అంత శుభ్రంగా నడుస్తుంది పథకం.

రెండో శిక్షణ కంప్యూటరు. ఈసారి ప్లేస్‌మెంట్ అదే బిల్డింగులో పై అంతస్తు. కింద శిక్షణ, పైన ఉద్యోగం, మధ్యలో పదహారు మెట్లు. ఇంత దగ్గరలో ఉపాధి మీరెక్కడైనా చూశారా? పైన కూర్చుని కింద ఉన్నవాళ్ళ హాజరు టైపు చేయాలి. కింద పాఠాలు చెప్పేది ఎవరు? అంతకుముందు బ్యాచ్. వాళ్ళకూ అదే ప్లేస్‌మెంట్. ముప్పై రోజులు పాఠం చెప్పి, దిగిపోయి, కొత్త శిక్షణకు ఫారం నింపుకుంటారు. శిక్షణకు ఎవరైనా, ఎన్నిసార్లయినా అర్హులే. అడ్డుపడే నిబంధనలన్నీ ఉద్యోగానికే.

ఈ కారణంగానే ఆ శిక్షణ సంస్థ బోర్డు మీద "నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్" అని రాసుకున్నారు. అందులో అబద్ధమేముంది? నాకైతే కనిపించలేదు. అప్పట్లో.

మూడో శిక్షణలో ఏదో పొరపాటు జరిగింది. మా మేనకోడలికి దాని చదువుకు తగిన పని ఇచ్చారు.

నీళ్ళ ల్యాబులో ఆరు నెలలు. మొదటివారం నేను చూడ్డానికి వెళ్ళాను. చిన్న గది. కిటికీ కింద సింకు, గోడ పొడుగునా గాజు సీసాలు, ఒక స్టాండుకు నిలువుగా బిగించిన గాజు గొట్టం. పిల్ల ఎడమచేత్తో ఆ గొట్టం కింది మర తిప్పుతూ, కుడిచేత్తో గాజు కుప్పెను గుండ్రంగా ఆడిస్తోంది. కుప్పెలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. చుక్క పడింది, ఎరుపు. ఇంకో చుక్క, ఎరుపే. మరో చుక్క పడగానే మొత్తం నీలమైపోయింది. టక్కున మర కట్టేసింది. నేను చప్పట్లు కొట్టబోయాను. అది నావైపు చూడకుండానే "మావయ్యా, ఒక్క నిమిషం మాట్లాడకు" అని అంకె రాసుకుంది.

ఆ సమయంలో అది నవ్వుతోంది. పన్ను నొప్పి నవ్వు కాదు.

పెద్దాయన నన్ను వరండాలోకి తీసుకెళ్ళాడు. "పాతికేళ్ళలో ఎంతోమంది వచ్చారండీ ఇక్కడికి. ఈ పిల్ల చేతిలో చుక్క తేడా రాదు. నేను పోయాక ఈ స్టూలు మీద ఇదే కూర్చోవాలి" అన్నాడు. "ఎక్కువైనా తక్కువైనా ఊరంతా తాగాల్సిన నీళ్ళు కదండీ."

ఆ మాట విన్నప్పటి నుంచి మా అక్క మనిషి మనిషిలా లేదు. కలిసిన ప్రతివాళ్ళతోనూ స్టూలు గురించే.

సరిగ్గా అప్పుడే శిక్షణ సంస్థ డైరెక్టరుగారు నాకు ఫోన్ చేశారు. విజయగాథల పుస్తకం ఒకటి వేస్తున్నాం, మీవంటి రచయిత ఒక గాథ రాస్తే మా అదృష్టం అన్నారు. 'మీవంటి' అన్న మాట దగ్గరే నేను ఒప్పేసుకున్నాను. మిగతాది నాకు సరిగ్గా వినిపించలేదు.

మా అక్కకు చెబితే ఎగిరి గంతేసింది. "ఒరేయ్, మన పిల్ల గురించి నాలుగు ముక్కలు బాగా రాయరా. పై వాళ్ళు చూస్తే ఆ పోస్టు దీనికే ఇస్తారు."

రాశాను. నాలుగు ముక్కలు కాదు, రెండు పేజీలు. నా సంగతి మీకు తెలుసు కదా, కలం పట్టుకున్నాక నాకు కళ్ళు కనపడవు. ముగింపు దగ్గర ఒక మంచి వాక్యం కావలసి వచ్చింది. "నేడు ఆమె నీటి పరీక్షా కేంద్రంలో స్థిరమైన ఉద్యోగంలో కుదురుకుని, వేలాదిమంది యువతకు వెలుగుబాటగా నిలిచింది" అని రాశాను.

చదివి వినిపిస్తే మా మేనకోడలు తల అడ్డంగా ఊపింది. "మావయ్యా, నాది స్థిరమైన ఉద్యోగం కాదు. ఆరు నెలల ట్రైనింగు. ఇంకో మూడు వారాల్లో అయిపోతుంది."

"రేపోమాపో వచ్చేదే కదే! ముందే రాస్తే ఏం పోయింది?"

"వచ్చాక రాయొచ్చుగా?"

"పుస్తకం ఈ వారమే ప్రింటుకు వెళ్ళాలి" అన్నాను. కాలమిస్టును, నన్ను తప్పు పట్టడానికి ఇదెవరు అనుకున్నాను కూడా. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇది వ్యంగ్యం కాదు, నిజంగానే సిగ్గుగా ఉంది.

ఫొటో కూడా తీశారు. ఆఫర్ లెటర్ అందుకుంటున్నట్టు. నీలం రంగు ఫోల్డరు ఒకటే ఉంటే యాభై రెండుమందీ వరసగా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు దాన్నే పట్టుకుని నవ్వారు. మా పిల్లకు ఊరుకునే అలవాటు లేదు, తెరిచి చూసింది. లోపల ప్రింటరు తాలూకు మాన్యువల్ ఉందట. "కాగితం ఇరుక్కుంటే ఏం చేయాలో నేర్చుకున్నాను మావయ్యా, ఆ పూటకు అదే శిక్షణ" అంది.

పుస్తకం అచ్చయింది. పదిహేడో పేజీలో మా మేనకోడలు, ఫోల్డరు, నా వాక్యం. ఆవిష్కరణ సభలో నాకు గోడగడియారం ఇచ్చారు. అది చెప్పిన మూడు వారాలూ గడిచేసరికి ట్రైనింగు అయిపోయింది, ల్యాబు గేటు పాసు వెనక్కి తీసుకున్నారు, దాని స్థానంలో తర్వాతి బ్యాచ్ నుంచి చరిత్ర చదివిన కుర్రాడు వచ్చాడు. మంచివాడు. షేక్‌హ్యాండ్ అద్భుతంగా ఇస్తాడు.

అతని తప్పేమీ లేదు. నీళ్ళ గురించి అతనికెవరూ ఏమీ చెప్పలేదు. తొంభై రోజులూ దృక్పథం గురించే చెప్పారు. మొదటిరోజు రిజిస్టరులో ఇలా రాశాడట: "రంగు: లేదు. వాసన: లేదు. వైఖరి: పాజిటివ్."

నీళ్ళలో క్రిములను చంపే క్లోరిన్ కుళాయి దాకా మిగిలి ఉందా లేదా అని చూడ్డానికి చిన్న పరీక్ష ఉంటుంది. గొట్టంలో నీళ్ళు పోసి ఒక బిళ్ళ వేస్తారు. లేత గులాబీ రంగు వస్తే క్లోరిన్ ఉన్నట్టు. రంగు రాకపోతే లేనట్టు, అంటే ప్రమాదం. మన కుర్రాడు బిళ్ళ వేశాడు. రంగు రాలేదు. నీళ్ళు తళతళలాడుతున్నాయి. "చాలా బాగుంది" అని రాశాడు. మీరైనా నేనైనా అదే రాస్తాం.

పెద్దాయనకు ఈమధ్య కళ్ళు ఆనడం లేదు. అందుకని రోజూ ఆ గొట్టం పట్టుకుని గేటు దాకా వస్తాడు. పాసు లేదు కాబట్టి మా మేనకోడలు గేటు బయట నిలబడి ఊచల మధ్యలోంచి రంగు చూసి చెబుతుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ రమ్మనలేదు. వెళుతోంది.

ఆరోజు చూసి గేటు ఊచలు పట్టుకుని అరిచింది. "బాబాయిగారూ, అస్సలు రంగు లేదు! క్లోరిన్ ఆగిపోయింది, పంపు దగ్గర చూడమనండి, తొందరగా!"

పెద్దాయన ఆ వయసులో పరిగెత్తాడు. పంపుహౌసులో క్లోరిన్ కలిపే గొట్టం మూసుకుపోయి ఉంది. అరగంటలో బాగుచేశారు. ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. రిజిస్టరులో మాత్రం ఇప్పటికీ "చాలా బాగుంది" అనే ఉంది.

ఆ వారమే పోస్టుకు నోటిఫికేషన్ పడింది. పథకంలో శిక్షణ పొంది, ఇంకా స్థిరమైన ఉద్యోగం రానివాళ్ళకే అవకాశం. మా అక్క ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. బావ జిరాక్సులు తీయించుకొచ్చాడు. సోమవారం ఉదయం నేనూ పిల్లా పథకం ఆఫీసుకు వెళ్ళి మూడో కౌంటరు దగ్గర నిలబడ్డాం.

గుమాస్తా కాగితాలన్నీ చూశాడు. సొరుగులోంచి విజయగాథల పుస్తకం తీశాడు. పదిహేడో పేజీ తెరిచి, ఫొటోనూ పిల్లనూ మార్చి మార్చి చూశాడు.

"ఈమెకు ఉద్యోగం వచ్చేసిందండీ."

"ఎక్కడ?" అంది మా మేనకోడలు.

"నీళ్ళ ల్యాబులో."

"నేను అప్లై చేస్తోంది ఆ పోస్టుకే కదండీ!"

"అదే చెబుతున్నా. ఉన్న పోస్టుకే మళ్ళీ అప్లై చేస్తే ఎలా?"

నేను కలగజేసుకున్నాను. "అయితే పోస్టు ఖాళీ లేనట్టా?"

"ఖాళీయే సార్. ఈమె మాత్రం అందులో ఉన్నారు."

నేను కౌంటరు మీదికి వంగాను. ఆ ముక్క రాసింది నేనే, అది తప్పు, కావాలంటే ఇప్పుడే సంతకం పెట్టి ఇస్తాను అన్నాను. ఆయన జాలిగానే చూశాడు. "నోటితో అంటే కుదరదు సార్. ప్రింటులో వచ్చినదాన్ని ప్రింటుతోనే కొట్టేయాలి. రాసినవాళ్ళే పేపర్లో వేయాలి. ఆ కటింగు, సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న లెటరు, రెండూ గురువారం అయిదులోపల తెచ్చుకోండి."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. అది ఏడిస్తే బాగుండుననిపించింది నాకు. తిట్టినా బాగుండేది. ఫైలులో కాగితాలు సర్దుకుంటూ అంది. "ఉద్యోగం వచ్చిందని భలే రాశావు మావయ్యా. ఇప్పుడు రాలేదని కూడా అంతే బాగా రాయి."

మధ్యాహ్నం డైరెక్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. అద్దం ముందు నవ్వి లోపలికి వెళ్ళాను. ఆయన షేక్‌హ్యాండ్ ఇచ్చి, అంతా విని, వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చి కూర్చున్నారు.

"ఒక్క క్యాండిడేటు ప్లేస్ కాలేదంటే మా నూరు శాతం ఏమవుతుందండీ?"

"తొంభై తొమ్మిదవుతుంది."

"అందుకే ఆలోచిస్తున్నాను." ఆయన నిజంగానే ఆలోచించారు. "సరే, మీరు పెద్దవారు. లెటరిస్తాను. కానీ సంస్థ పరువు పోకూడదు. మీ కాలమ్‌లో పథకాన్ని పొగడండి. మొదటి నుంచి పొగుడుతూ రండి. చివర్లో రెండు వాక్యాలు మీ ఇష్టం."

అదండీ సంగతి. పొద్దున్నే లేచి వీడికేమొచ్చింది, ఉద్యోగాలు ఇవ్వడం అన్యాయమంటున్నాడు అని మీలో తిట్టుకున్నవాళ్ళు నన్ను క్షమించాలి. నాతో పొగిడించడం ఆయన వంతు, పొగడటం నా వంతు. మధ్యలో పొగడ్త అక్కడక్కడ చేయి జారి ఉంటే, పొగడటంలో నాకెవరూ శిక్షణ ఇవ్వకపోవడమే కారణం. లెటరు నిన్న సాయంత్రం చేతికొచ్చింది. ఎడిటరుగారిని బతిమాలి ఈ చివరి భాగం చుట్టూ గీత కొట్టించాను, కత్తిరించుకోవడానికి వీలుగా.

మూడో కౌంటరు గుమాస్తాగారూ, పది గంటలకు మీ కిటికీ తెరిచేసరికి మేమక్కడ ఉంటాం. పదిహేడో పేజీలోని ఆఖరి వాక్యం రాసింది నేను, కొట్టేస్తున్నదీ నేనే. దాని బదులు రాసుకోవలసిన నా రెండు వాక్యాలు ఇవి.

మా మేనకోడలికి ఉద్యోగం లేదు. పని వచ్చు.